చొక్కా జేబులో టవరు

నాలుగో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దొర్లుకుంటూ వచ్చిన కేక, కింది వాటా పిన్నిగారి చెవిన పడేసరికి ఇలా ఉంది: "మా ఆయన హార్టు స్పాట్‌లో పోయింది!"

పిన్నిగారు పొయ్యి ఆర్పి, గరిటె కడిగి, అప్పుడు ఏడుపు మొదలెట్టింది. ఆవిడకి ఏదైనా పద్ధతిగా జరగాలి.

పోయినాయన ఆ సమయానికి నిక్షేపంగా లిఫ్టులో నిలబడి మీట నొక్కుతున్నాడు.

ఆయన్ని అందరూ లిఫ్టాయన అనేవారు. ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేవాడు. "రోజూ ఇంతమందిని పైకి పంపుతాను, ఒక్క కేసూ లేదు నా మీద" అని నవ్వించేవాడు. ఆర్నెల్ల కింద అక్కడ తనంతట తానే నడిచే లిఫ్టు పెట్టారు. అది నడవడం మొదలెట్టింది, ఈయన ఆగిపోయాడు. ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. కరెంటు పోయినా ఎవరూ దీపం వెతుక్కోని ఇల్లులా ఉండిపోయాడు. పెడితే తింటాడు. ఉప్పెక్కువైందా అంటే "ఏమో" అంటాడు.

ఇప్పుడు ఇల్లు నడవాలంటే భార్యకి ఉద్యోగం రావాలి. ఇంట్లోంచే, నెట్టులో పిల్లలకి సైన్సు చెప్పే ఉద్యోగం. ఆ రోజే పరీక్ష. ట్యాబ్లెట్‌లో కనబడే ఇద్దరు పెద్దమనుషులకి, ఏమీ తెలియని పిల్లలకి చెప్పినట్టు ఒక పాఠం చెప్పాలి. ట్యాబ్లెట్‌కి సిమ్ము లేదు, ఆవిడది బటన్ల ఫోను. అందుకని ఆయన ఫోన్లోంచే నెట్టు అందాలి.

"ఫోను జేబులో పెట్టుకుని ఈ కిటికీ పక్కన కూర్చోండి. మీరేం చెయ్యక్కర్లేదు."

"అది అలవాటైంది," అన్నాడాయన.

"కదలకండి, అంతే. మీ జేబే నా టవరు."

ఒకప్పుడైతే ఆ టవరుకి టవలు చుట్టి, టవలుకి చెమట పట్టించి, ఒక పూటంతా నవ్వించేవాడు. ఇప్పుడు "సరే" అన్నాడు.

నిజానికి ఫోను కిటికీలో పెట్టి ఊరుకోవచ్చు. ఆయనకో డ్యూటీ ఇద్దామని ఆవిడ ఆశ.

పాఠం మొదలైంది. కాసేపటికి లిఫ్టు బెల్లు మోగింది. ఆ మేడలోది పాతకాలపు కటకటాల లిఫ్టు. ఎవరో తలుపు సరిగా వెయ్యకుండా వదిలేస్తే కదలదు, కింద నిలబడ్డవాళ్లు బెల్లు కొడతారు. మళ్లీ మోగింది. ఆయన బుర్ర లేవలేదు గానీ కాళ్లు లేచాయి. చప్పుడు కాకుండా వెళ్లి, తమ అంతస్తులోనే ఆగి ఉన్న లిఫ్టెక్కి, కటకటాలు వేసి, తన మూలన తాను నిలబడి కిందికి దిగిపోయాడు.

లోపల ట్యాబ్లెట్‌లో పెద్దమనుషులు బిగుసుకుపోయారు, ఒకాయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే. ఆవిడ తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. మెట్ల దగ్గరికి పరిగెత్తి అరిచింది. అదీ పిన్నిగారికి చేరిన కేక.

లిఫ్టు ఎవరి చేతిలోనో ఉందని జనమంతా మెట్లెక్కి వచ్చారు. మూడో అంతస్తులో ఎవర్నో దించి, లిఫ్టాయన నాలుగుకి వచ్చేసరికి తన గుమ్మం ముందు గుంపు. అందరూ లోపలికి చూస్తున్నారు.

"ఎవరు పోయారండీ?" అన్నాడు వెనకనుంచి.

"లిఫ్టాయన," అన్నాడొకాయన తల తిప్పకుండా.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. స్పాట్‌లో."

ఆయనకి అభ్యంతరమేమీ కనబడలేదు. కావచ్చు అనిపించింది. గుండె మీద చెయ్యి పెట్టి చూసుకుంటే వెచ్చగా తగిలింది. ఫోను.

పిన్నిగారు వెనక్కి తిరిగి ఆయన్ని చూసి, ఏడుపు మధ్యలో ఆగి, "అయితే మరి ఎవరి హార్టమ్మా?" అంది.

టవరు గుమ్మం దాకా వచ్చింది గదా, లోపల ట్యాబ్లెట్‌కి ప్రాణం వచ్చింది. "మేడమ్, వినిపిస్తోందా? ఆ జనం ఏమిటి?"

భార్య తిట్టలేదు. ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది. ట్యాబ్లెట్‌ని గుంపుకేసి తిప్పింది.

"పిన్నిగారూ, పోయింది హార్టు కాదు, హాట్‌స్పాటు. గాల్లోంచి వచ్చే నెట్టుని ఈయన ఫోను పట్టుకుని, కొంత దీనికి పంచుతుంది. మీ కుళాయికి గొట్టం తగిలించి నేను నీళ్లు పట్టుకున్నట్టు. కాకపోతే ఈ గొట్టం కనబడదు, పొడుగూ తక్కువే. ఈయన దూరం వెళ్తే ఊడిపోతుంది. పైగా ఇనప పెట్టెలో దూరితే కుళాయికే నీళ్లు రావు."

"మరి పెట్టెలో ఎందుకు దూరాడమ్మా?"

దానికి జవాబు ఆయనే చెప్పాడు. "బెల్లు మోగింది. ఎవరో నిలబడి ఉంటారు గదా పిన్నిగారూ."

చాలా రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన పొడుగు మాట అది. ఎవరూ నవ్వలేదు.

ట్యాబ్లెట్‌లో ఒక పెద్దమనిషి అందుకున్నాడు. "మేడమ్, మిగతా పాఠం అక్కర్లేదు. ఆ కుళాయి, గొట్టం చాలు. సోమవారం నుంచి పిల్లలకి ఇలాగే చెప్పండి."

అప్పుడొచ్చాడు మొదటి అంతస్తు పెద్దాయన, మెట్లకి ఆయాసపడుతూ. "ఎలా జరిగిందండీ? నిన్ననే గదా చూశాను మనిషిని."

పిన్నిగారు నోరు తెరిచేలోపు లిఫ్టాయనే కుర్చీలోంచి చెప్పాడు. "పోయింది నెట్టండి. మా ఆవిడ హాట్‌స్పాటంటే పిన్నిగారికి హార్టని వినబడింది. మనిషి ఉన్నాడు."

చెప్పింది సరిగ్గానే ఉందా అన్నట్టు భార్య వైపు చూశాడు. ఆవిడ తలూపింది.