సామ్యేలు ల్యాబులో రెండో వైఫై

మాచర్లలో వైఫై పెట్టాలన్నా, చెడితే బాగుచేయాలన్నా నన్నే పిలుస్తారు. గొప్పలు కాదు, నాకు పని వచ్చు. సామ్యేలన్న రక్తపరీక్షల ల్యాబుకు మాత్రం పిలవకుండానే వెళ్ళాను, ఒళ్ళు మండి.

కారణం తస్లీమ్. మా పక్కింటమ్మాయి, బట్టలు కుడుతుంది. పెళ్ళయిన ఏడేళ్ళకు కడుపు పండితే, రిపోర్టు తన చేతికి రాకముందే వీధంతా తెలిసిపోయింది. ల్యాబు బెంచీ మీద కూర్చున్న ఎవడో అక్కడి వైఫైలో ఫోను కలుపుకుని, కంప్యూటర్లో తాళం లేకుండా ఉన్న రిపోర్టుల ఫోల్డరు చూశాడు. మూడు వారాలకే ఆ కడుపు పోయింది. స్వీట్లు తిన్నవాళ్ళే మళ్ళీ వరసగా ఓదార్చడానికొచ్చారు. ఆ ఓదార్పులే తస్లీమ్‌ని ఎక్కువ చంపాయి.

ఇప్పుడు మళ్ళీ నెల తప్పింది. డాక్టరమ్మ ఆ ల్యాబు రిపోర్టే కావాలంటుంది. సోమవారం పరీక్ష.

"షబీనా ఆపా, ఈసారి నేను చెప్పిందాకా ఎవరికీ తెలవగూడదు," అంది.

తెలవదని మాటిచ్చాను.

ల్యాబులో బెంచీ మీద కూర్చుని, సామ్యేలన్నకు ఆయన ఫోల్డరే నా ఫోనులో తెరిచి చూపించాను. పేర్లతో సహా నిన్నటి రిపోర్టులు. ఆయన మొహం మాడిపోయింది.

"వచ్చినోళ్ళు పాస్‌వర్డ్ అడిగితే లేదనటం ఎట్టమ్మాయ్?"

"అనొద్దన్నా. వాళ్ళకి రెండోది పెడతా. దాంట్లో ఇంటర్నెట్ తప్ప ఏమీ రాదు. నీ కంప్యూటరు, ప్రింటరు కనపడవు. పక్కోడి ఫోను కూడా కనపడదు."

గంటలో పెట్టేశాను. పేరు 'గెస్ట్'. నా ఫోనుతో చూశాను. వీడియో ఆడింది, ఫోల్డరు రాలేదు. దర్జాగా ఇంటికెళ్ళాను.

శనివారం ఓసారి చూద్దామని వెళితే, కంప్యూటరున్న లోపలి వైఫైలో పదిహేడు ఫోన్లు!

"ఏందన్నా ఇది?"

"వాళ్ళు గెస్టులా? మా బామ్మర్ది, చర్చి పెద్దాయన, ఎదురింటి రామలక్ష్మి పిన్ని... మనోళ్ళని బయటోళ్ళల్లో కలిపితే చానా బాధపడతారమ్మాయ్."

మాచర్లలో ఆయనతో వరస కలవని మనిషెవరు? ఈ లెక్కన గెస్టులో ఒక్కడూ మిగలడు. తిట్టబోయి ఆగాను. ఆయన మంచితనం తిడితే తగ్గేది కాదు. 'గెస్ట్' పేరు చెరిపేసి 'సామ్యేలు కుటుంబం' అని పెట్టాను. లోపలిదానికి 'పాత ప్రింటర్' అని పేరు పెట్టి, పాస్‌వర్డ్ మార్చి, కంప్యూటరులో నేనే కొట్టి, ఆయనకు కూడా చెప్పలేదు. ఫోల్డరుకు తాళం వేశాను. అన్న కాసేపు గునిసి, పేరు చదువుకుని మురిసిపోయాడు. సాయంత్రానికి బామ్మర్ది "మాకు కుటుంబం వైఫై ఇచ్చారు" అని బెంచీ మీద గొప్పలు పోతున్నాడు.

సోమవారం తస్లీమ్‌తో నేనూ వెళ్ళాను. బెంచీ నిండా జనం, అందరి చేతుల్లో ఫోన్లు. గంట తర్వాత సామ్యేలన్న లోపలికి పిలిచి, రిపోర్టు మడిచి ఇచ్చాడు. తను నిలబడే చదువుకుంది, సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది.

రామలక్ష్మి పిన్ని ఫోను మీద నుంచి తలెత్తింది. "ఏందే తస్లీమ్, ఏం చెప్పారు?"

"రక్తం తక్కువంట పిన్నీ. బెల్లం, పల్లీలు తినమన్నారు."

"తినవే, చిక్కిపోయావు," అని పిన్ని మళ్ళీ ఫోనులో పడిపోయింది.

వీధి మలుపు తిరిగాక తస్లీమ్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"ఆపా, నీక్కూడా ఇప్పుడే చెప్పను."

"చెప్పొద్దు," అన్నాను.