నాలుగు వేళ్ల సందు

అందరూ గని నోటి వైపు పరుగెడుతుంటే గ్వెన్లియన్ ఒక్కతే లోపలికి పరుగెత్తుతోంది.

"ఎక్కడికే పిచ్చిదానా! దీపాల్లో మంట నీలంగా సాగుతోంది. ఒక్క రవ్వ పడితే బూడిదైపోతాం!" గుర్రం తోలే హాప్కిన్ ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

"నెస్టా రాలేదు. వదులు!"

నెస్టా ఆమె చెల్లెలు. ఆరేళ్లది. గాలి తలుపు పక్కన గూట్లో కూర్చుని, పట్టాల మీద బొగ్గు టబ్బు బండి వచ్చినప్పుడు తాడు లాగి తెరవడం, టబ్బు దాటగానే మూసేయడం దాని పని. ఆ తలుపు మూసి ఉంటేనే మంచిగాలి చుట్టూ తిరిగి బొగ్గు తవ్వే చోటికి చేరుతుంది. తెరిచి ఉంటే గాలి అడ్డదారి పడుతుంది, లోపల గ్యాస్ పేరుకుంటుంది. ఇవాళ పేరుకుంది.

టబ్బులు లాగే గొలుసు ఇంకా గ్వెన్లియన్ నడుముకే వేలాడుతోంది. నేలకు రాసుకుని రవ్వ లేస్తుందేమోనని దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, పాదాలతో పట్టాలు తడుముకుంటూ చీకట్లో సాగిపోయింది.

సన్నగా పాట వినిపించింది. ఆదివారం ప్రార్థనలో పాడేదే. నిద్రపోలేదని అందరికీ తెలియాలని నెస్టా పొద్దంతా అదే పాడుతుంది.

"ఇంకా ఇక్కడే కూర్చున్నావేమే?"

"తలుపు వదిలితే బెల్టుతో కొడతానన్నాడుగా ఓవర్‌మన్. అక్కా, నా రొట్టె ఎలుక ఎత్తుకుపోయింది."

గ్వెన్లియన్ కాలికి ఏదో తగిలింది. తలుపు కింద చెక్కముక్క! నాలుగు వేళ్ల సందు వదిలి తలుపు నిలబడిపోయింది. చెక్కను పీకేసరికి తలుపు దబ్బున మూసుకుంది. చెక్కను జేబులో కుక్కుకుని, చెల్లెల్ని వీపున వేసుకుని పరుగు తీసింది.

పైకి వచ్చి చూస్తే ఎవరికీ ఏమీ కాలేదు. అప్పుడు మొదలైంది అసలు గండం.

"నిద్రపోయింది. అంతే!" గని పనిమీద పెత్తనం చేసే ఓవర్‌మన్ ఎనోక్ బెల్టు విప్పాడు. "దీన్ని కొట్టి ఊరుకోను. మీ ఇంటిల్లిపాదికీ రేపటి నుంచి పనిలేదు. గని ఇచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యండి."

వాళ్లకు తండ్రి లేడు. తల్లి, తాత, ఈ ఇద్దరు పిల్లలు. గనే అన్నం, గనే ఇల్లు.

"అది నిద్రపోలేదయ్యా. ఎవరో ఇది దూర్చారు." గ్వెన్లియన్ చెక్క తీసి చూపించింది.

ఎనోక్ కళ్లు చిట్లించాడు. "అలాగా. అయితే దూర్చినవాణ్ణి చూపించు. వాడొక్కడే పోతాడు. చూపించలేకపోతే మీరంతా పోతారు."

తలలన్నీ హాప్కిన్ వైపు తిరిగాయి. తలుపు దగ్గర ఆగడానికి బద్ధకించేది వాడే.

"నేనా? నా గుర్రం ఏ తలుపైనా తలతో తోసుకునే పోతుంది. దానికున్న ఒళ్లు చూశారా? నాకు చెక్కెందుకు?"

కొందరు నవ్వారు. గ్వెన్లియన్ నవ్వలేదు. చెల్లెలి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఎవరు పెట్టారో నీకు తెలుసు కదూ?"

"చెప్పను. చెప్తే పళ్లు ఊడిపోతాయట."

"ఎవరన్నారు?"

"అది చెప్పినా ఊడతాయి."

బొగ్గు మసి మొహంలో ముందు పన్ను లేని సందు కనిపించకుండా మూతి బిగించింది. గ్వెన్లియన్ విసుగ్గా చెక్కను చేతిలో తిప్పింది. పగటి వెలుతురులో ఇప్పుడు సరిగ్గా కనిపించింది. అంచులన్నీ నున్నగా గీకి ఉన్నాయి, చిన్న చేతికి పేడు గుచ్చుకోకుండా. తలుపు కింద దూర్చే ముక్కకు ఎవడైనా అంత ముద్దుగా నగిషీ పెడతాడా?

పొయ్యి పక్కన కూర్చుని, కత్తితో గీకుతూ, పొట్టు ఊదుతూ... ఆమెకు ఇంట్లో ఓ రాత్రి చూసిన దృశ్యం గుర్తొచ్చింది. ఆ మర్నాటి నుంచే నెస్టా ఏడవడం మానేసింది. "చీకటి, చీకటి" అని కాళ్లకు చుట్టుకునే పిల్ల పాట పాడుకుంటూ పనికి వస్తోంది. పోనీలే, అలవాటు పడిందని అక్క మురిసిపోయింది కూడా.

తలుపు అవతలే తాత గని కప్పు దూలాలు సరిచేస్తాడు. ఆయన దీపం అక్కడే వేలాడుతుంది.

గ్వెన్లియన్ చెక్కను పిడికిట్లో దాచేసింది. చెప్తే ఒకరు పోతారు, చెప్పకపోతే చెల్లెలి మీద నింద, అందరూ వీధిపాలు.

"సరే, చెప్పేవాళ్లు లేరన్నమాట." ఎనోక్ బెల్టు ఎత్తాడు.

గుంపు వెనక నుంచి టోపీ చేతిలో పట్టుకుని తాత ముందుకొచ్చాడు.

"వద్దు తాతా!" నెస్టా కేక పెట్టింది. "చెప్పకు! నీ పళ్లు ఊడిపోతాయి!"

"నాకున్నవే మూడురా బంగారం. పోతే పోనీ." ఆయన మనవరాలిని తన వెనక్కి లాక్కుని ఎనోక్ కళ్లలోకి చూశాడు. "పిల్ల కునుకు తియ్యలేదు. కొవ్వొత్తి ఇమ్మంటే నువ్వు ఇవ్వనన్నావు. దాని ఏడుపు వినలేక, నా దీపం వెలుగు కాస్త దాని మీద పడేలా చేశాను. నాలుగు వేళ్ల సందే కదా అనుకున్నాను. గాలి సంగతి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలిసినవాణ్ణి, తెలిసే చేశాను. పంపితే నన్నొక్కణ్ణే పంపు. చెక్క పెట్టింది నేనే, షాడ్రాక్ ప్రోసర్‌ని."