సుబ్బరత్నం అడగలేని మాట

గుంటూరు నుంచి వచ్చిన డాక్టరమ్మ ఆ మాట అనగానే ఆడపిల్లల హాస్టల్ మేట్రన్ సుబ్బరత్నం రెండు చెవులూ మూసుకుంది.

పోయిన ఏడాది నరసరావుపేటలోని ఆ కాలేజీలో ఒక పిల్ల తన ప్రాణం తానే తీసుకుంది. ఇంకో పిల్ల పోకుండా చూడాలని ప్రిన్సిపాల్ గారు లెక్చరర్లనీ, హాస్టల్ వాళ్లనీ కూర్చోబెట్టి పాఠం చెప్పిస్తున్నారు. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేసే పిల్లల్ని కనిపెట్టి ఉండమన్నంతవరకూ సుబ్బరత్నం శ్రద్ధగానే విన్నది.

"అనుమానమొస్తే, చచ్చిపోవాలనుందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఎవరూ చావరు" అన్నది డాక్టరమ్మ.

ఇంకా నయం! పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, నోరు జారితే అట్లాగే కానిమ్మంటారని తెలియని చదువు ఏం చదువు? వంటకి బియ్యం కొలిచివ్వాలని వంక పెట్టి సుబ్బరత్నం లేచి వచ్చేసింది. మిగతా పాఠం వినలేదు.

వారం తిరక్కుండా దుర్గి ఊరి నుంచి వచ్చి చదువుకుంటున్న సుందరి తన కొత్త ఓణీ తీసి పక్క మంచం పిల్లకిచ్చేసింది. కంచం ముందు కూర్చుంటుందే గానీ మెతుకు ముట్టడం లేదు. సుబ్బరత్నం ఆ పిల్లను వరండాలో ఆపింది.

"ఏందే, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉంది పిన్నీ."

"ఇంటి మీద బెంగా?"

"లేదు."

"మరేందే? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

సుందరి తల అడ్డంగా ఊపి గదిలోకి వెళ్లిపోయింది.

ఊళ్లో ఉన్న ప్రశ్నలన్నీ అడిగింది గానీ ఆ ఒక్కటీ గొంతు దాటలేదు. అడిగితే తన నోటితో తానే పిల్లను పైకి పంపించినట్టవుతుందని భయం. అడక్కపోతే? పోయిన ఏడు ఆ పిల్ల తల్లి ఈ వరండాలోనే దొర్లి దొర్లి ఏడ్చింది.

మధ్యాహ్నం అందరూ క్లాసులకెళ్లారు. సుందరి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. సుబ్బరత్నం వెళ్లి మంచం పట్టె మీద కూలబడి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"చచ్చిపోవాలనుందా తల్లీ?" అనేసి, రెండో చేత్తో నోరు నొక్కుకుంది.

సుందరి ఇటు తిరిగింది.

"అవును పిన్నీ. చానా రోజుల్నుంచి."

ఇట్లా అన్నప్పుడు ఏం చెయ్యాలో డాక్టరమ్మ ఆరోజు చెప్పే ఉంటుంది. వినకుండా వచ్చేసినందుకు సుబ్బరత్నానికి తల బాదుకోవాలనిపించింది.

"ఇప్పుడేం చెయ్యాలో నాకు తెలవదే!" అంటూ బావురుమంది. "ఆ డాక్టరమ్మకి తెలుసు. లే, గుంటూరు బస్సెక్కుదాం. అందాకా నా చెయ్యి మాత్రం వదలమాక."

సుందరి లేవలేదు. చెయ్యి మాత్రం వెనక్కి లాక్కోలేదు. సుబ్బరత్నం ఆ చెయ్యి పట్టుకునే, రిక్షా పిలవమని వాచ్‌మన్ కోసం హాస్టల్ అదిరేలా కేకలు పెట్టింది.