బానెట్ ఎత్తొద్దు మామయ్యా

కారు నేర్పుతానని కోడలికి మాట ఇచ్చిన మామగారు, మొదటి వారమంతా ఆమెను స్టీరింగు ముట్టుకోనివ్వలేదు.

ఆయన ముప్ఫై మూడేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. అంతకుముందు కొడుక్కి నేర్పబోతే, తండ్రీకొడుకులు మూడు నెలలు మాట్లాడుకోలేదు. ఆ కొడుకు ఇప్పటికీ స్కూటరు దిగడు. కోడలి సంగతి వేరు. ఆమెకు కారు అవసరం పడింది. రక్తపరీక్షల ల్యాబులో, కిటికీ లేని గదిలో, పొద్దస్తమానం వచ్చినవాళ్ళ రక్తం తీసి, గాజు గొట్టాలకు చీటీలు అంటించే పని ఆమెది. మంచం దిగలేని పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకొచ్చే పని ఒకటి ఖాళీ అయింది. కారు నడపడం వస్తే అది నీదేనని ల్యాబు మేడం అంది. లెర్నర్ లైసెన్సు చేతికొచ్చింది. ఇక ఆలస్యమల్లా మామగారిదే.

ఆయన రోజూ పొద్దున్నే ఇంటిముందు డిక్కీ తెరిచి పాఠం మొదలుపెట్టేవాడు. ఒకరోజు ఎర్ర త్రికోణం మడత విప్పి నిలబెట్టడం, బండి ఆగిపోతే దాన్ని ఎన్ని అడుగుల వెనక పెట్టాలో నడిచి చూడటం. ఇంకోరోజు జాకీ, స్టెప్నీ. మరోరోజు మందులపెట్టెలో ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని తీయడం. వీధిలో పాలు పోయించుకునేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. "పెళ్ళిచూపులకు కూడా నన్నిన్ని ప్రశ్నలు అడగలేదు" అని ఆమె అత్తగారి దగ్గర వాపోయింది. "నన్ను అడిగారులే" అంది అత్తగారు, చేట ఎత్తి చెరుగుతూ.

అన్నిటికంటే ఆయనకు నిప్పు విషయంలో పట్టుదల. మంటలార్పే సిలిండరు చిన్నది, ఎర్రటిది. దాన్ని డిక్కీలో పెట్టేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట. ముందు సీటు పక్కన పట్టీతో బిగించాడు. దాని మీటరు ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో రోజూ ఆమె చేతే చూపించాడు. పిన్ను లాగడం, గాలికి వీపు పెట్టి నిలబడటం, మంట మీద కాక మంట మొదట్లో కొట్టడం వల్లెవేయించాడు.

"ఇది పది సెకన్ల సరుకమ్మాయ్. అంతలో లొంగిందా సరే. లేదంటే బండి పోతే పోయింది, మనం దూరంగా పోవాలి. ఇంకోటి. లోపల పొగ వస్తుంటే మీట లాగి, వేలెడు సందులోంచే కొట్టాలి గానీ బానెట్ మాత్రం ఎత్తకు. ఎత్తితే పొయ్యికి విసనకర్ర విసిరినట్టే."

ఆమె తలూపింది. వినీవినీ చెవులు దిబ్బళ్ళు వేశాయి గానీ, చెప్పింది చెప్పినట్టు మనసుకు పట్టింది.

రెండోవారం నుంచి బండి కదిలింది. మూడోవారానికి గేర్లు ఆమె మాట వినడం మొదలుపెట్టాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఊరి బయట గోదాముల పక్కన వెడల్పాటి రోడ్డు మీద నడుపుతుంటే, ప్లాస్టిక్ కాలిన వాసన తగిలింది. గోదాముల్లో ఏదో తగలబెడుతున్నారన్నాడు మామగారు. గోదాములు దాటినా వాసన వెంటే వచ్చింది. చూస్తుండగానే బానెట్ అంచుల్లోంచి సన్నగా పొగ లేచింది.

ఆమె చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. బండిని పక్కకు తీసి, ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగింది. స్టీరింగు కిందున్న మీట లాగితే బానెట్ వేలెడంత లేచి ఆగింది. పట్టీ విప్పి సిలిండరు అందుకుని, మామగారిని దిగి వెనక్కి వెళ్ళమంది.

ఆయన దిగాడు. కానీ వెనక్కి వెళ్ళలేదు, బానెట్ దగ్గరికి వెళ్ళాడు. సందులోంచి లోపల నారింజరంగు మంట కనబడుతోంది. ఆ సందులో వేళ్ళు పెట్టబోయి, సెగ తగిలి చెయ్యి లాక్కున్నాడు. భుజమ్మీది తువ్వాలు చేతికి చుట్టుకుని మళ్ళీ వంగాడు.

"ఎత్తొద్దు మామయ్యా."

"నా బండి ఇదమ్మా. లోపలేమైందో చూడనీ."

పద్దెనిమిదేళ్ళుగా తుడిచి తుడిచి పెట్టుకున్న బండి. ముప్ఫై మూడేళ్ళ అనుభవం ఆ నిమిషాన ఎటు పోయిందో గానీ, ఆయన కళ్ళలో పసిపిల్లల బెదురు కనబడింది ఆమెకు. సూది చూసి చెయ్యి లాక్కునేవాళ్ళను ల్యాబులో ఎలా పట్టుకునేదో అలాగే ఆయన మణికట్టు పట్టుకుంది.

"చెప్పింది మీరే. వెనక్కి వెళ్ళి ఫైరింజనుకు ఫోన్ చెయ్యండి."

గొంతు పెంచలేదు, బతిమాలలేదు. ఆయన ఆమె మొహంలోకి చూసి, మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమె గాలికి వీపు పెట్టి పిన్ను లాగింది. సందులోంచి మంట మొదలు చూసుకుని పిడి నొక్కింది. తెల్లటి పొడి బుస్సున చిమ్మి, సగం లోపలికి పోయి సగం బట్టల మీద పడింది. మంట ఒకసారి తలెత్తింది, అణిగింది. సిలిండరు ఖాళీ అయ్యేసరికి పొగ మాత్రమే మిగిలింది. ఇక అక్కడ నిలబడకుండా దూరంగా వచ్చేసింది. మామగారు అప్పటికే ఫోన్ చేసి, తువ్వాలు ఊపుతూ వచ్చే బళ్ళను నెమ్మదించమంటున్నాడు.

పావుగంటలో ఫైరింజను వచ్చింది. వాళ్ళు జాగ్రత్తగా బానెట్ ఎత్తి, మిగిలిన సెగ మీద నీళ్ళు కొట్టారు. ఇంకాస్త గాలి తగిలి ఉంటే బండీ దక్కేది కాదు, ఎత్తినవాళ్ళ మొహమూ దక్కేది కాదన్నాడు వాళ్ళలో పెద్దాయన. ఇదంతా ఎవరు నేర్పారమ్మా అని అడిగితే ఆమె మామగారిని చూపించింది. ఆయన నేల చూపులు చూశాడు.

బండిని షెడ్డుకు లాక్కెళ్ళిన మెకానిక్, నంబరిచ్చింది ఆమే కాబట్టి, మర్నాడు ఆమెకే ఫోన్ చేశాడు. కాలిపోయిన ఫ్యూజు స్థానంలో ఎవరో రాగితీగ చుట్టారట. కరెంటు ఎక్కువైతే ఫ్యూజు తెగి వైరును కాపాడాలి. తీగ తెగదు కాబట్టి వైరే కాలిందట. ఆ బండి బానెట్ మామగారు తప్ప ఇంకెవరూ ముట్టుకోరు. ఆమెకు అర్థమైంది. ఇంట్లో ఎవరికీ చెప్పకూడదనుకుంది.

రాత్రి భోజనాల దగ్గర ఆయనే బయటపెట్టాడు. "మంట నా వల్లే. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టింది నేనే. ఫ్యూజు ఊరికే పోతోందని, రెండురోజుల్లో తీసేద్దామని చుట్టా. మర్చిపోయా."

కొడుకు ముద్ద మింగడం ఆపాడు. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడ్డట్టుంది" అంది అత్తగారు, ఆయన కంచంలో ఇంకాస్త కూర వడ్డిస్తూ. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"కుడితిలో పడితే ఫరవాలేదే. మంటలో పడకుండా ఈ పిల్ల ఆపింది" అన్నాడు.

బండి బాగై రావడానికి నెల పట్టింది. వైర్లన్నీ కొత్తవి వేశారు, బానెట్‌కు కొత్త రంగు పడింది. పక్క సీట్లో కూర్చోవడానికి మామగారు వెనకాడాడు. నేర్పే అర్హత నాకు లేదు, డ్రైవింగు స్కూల్లో చేరు అన్నాడు. "తప్పు ఎలా జరిగిందో తెలిసిన మాస్టారు నాకు ఇంకెక్కడ దొరుకుతాడు?" అని ఆమె తలుపు తెరిచి పట్టుకుంది. ఆయన ఎక్కి బెల్టు పెట్టుకున్నాడు.

ఆమెకు లైసెన్సు వచ్చింది. వీధి చివరి డ్రైవింగు స్కూలువాళ్ళు అడిగితే, మామగారు శనివారాలు అక్కడికెళ్ళి కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఒక గంట చెబుతున్నాడు. మొట్టమొదట చెప్పేది తన రాగితీగ కథే. నవ్వేవాళ్ళను నవ్వనిస్తాడు. తర్వాత, ఎవరి బండ్లో ఎవరు ఏం చుట్టారో వెళ్ళి చూసుకురమ్మంటాడు. పోయిన శనివారం ఇద్దరు నిజంగానే తీగలు పీకి తెచ్చి బల్లమీద పెట్టారు.

కొత్త పనిలో మొదటిరోజు పొద్దున ఆమె గాజు గొట్టాల పెట్టె పక్క సీట్లో పెట్టి, దానికి కూడా బెల్టు బిగించింది. మొదటి ఇల్లు ఒక ముసలావిడది. ఇంటిముందు బండి పెట్టడానికి ఆమెకు మూడుసార్లు ముందుకూ వెనక్కూ పోవాల్సి వచ్చింది. ముసలావిడ మంచం మీంచే కిటికీలోంచి అదంతా చూస్తూనే ఉంది. ఆమె లోపలికి వెళ్ళేసరికి, చెయ్యి చాపి ఉంచి, "తొందరేం లేదమ్మా, బాగానే పెట్టావు" అంది.