కాలికి తెలియని బ్రేకు

ఆమెను డయాలసిస్‌కి కారులో తీసుకెళ్లేది భర్తే. జీవితమంతా స్కూలు బస్సు నడిపిన మనిషి. ఊళ్లో సగం మందికి ఇప్పటికీ 'బస్సు మామయ్యే'. స్టీరింగు పట్టుకుంటే చాలు, వంగిన నడుం నిటారుగా అయ్యేది.

ఈ మధ్య సిగ్నళ్ల దగ్గర ఆయన తల వంచి కిందికి చూడటం ఆమె కంటబడింది. షుగరు వల్ల పాదాలు మొద్దుబారాయని తెలుసు. చెప్పు జారిపోయినా ఆయనకు తెలియదు. కాలు ఏ పెడల్ మీదుందో కూడా చూసుకుంటే తప్ప తెలియడం లేదని అప్పుడే అర్థమైంది. అయినా నోరు మెదపలేదు. ఆయన కారు మానేస్తే తన గతేమిటి? అలా అనుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

ఒకరోజు ఆసుపత్రి ఆవరణలో ఆగాల్సిన కారు ముందుకు దూకింది. రోగిని చక్రాల కుర్చీలో తోసుకొస్తున్న నర్సు కెవ్వుమంటూ కుర్చీని వెనక్కి లాగింది. పూలకుండీ ముక్కలైంది. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"బ్రేకు పట్టలేదమ్మా," అన్నాడాయన నర్సుతో, ముఖం పాలిపోయి.

మెకానిక్ చూసి, "బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయి మామయ్యా," అన్నాడు.

మళ్లీ ఆసుపత్రికి బయల్దేరే రోజు ఆమె సంచి భుజాన వేసుకుని, కారు దాటి నడిచింది.

"ఎక్కడికే?"

"బస్సు కోసం. నేను కారెక్కనండీ. మీ కాలు మీకు తెలియడం లేదు."

"ఎవడు చెప్పాడు నీకు?"

"ఒకరు చెప్పాలా? పక్కనే కూర్చుంటాగా. నా అవసరం కొద్దీ నోరు మూసుకున్నా."

"అంత నీరసంలో బస్సులో ఎలా నిలబడతావు?"

"నిలబడలేకపోతే మీ మీద పడతా. మీరు మాత్రం ఆ కుర్చీలో మనిషి మీద పడొద్దు."

ఆయన విసురుగా లోపలికెళ్లిపోయాడు. ఆమె మెల్లగా నడిచి బస్టాపు చేరింది. బస్సొచ్చింది. ఒక మెట్టెక్కిందో లేదో, "ఆపవయ్యా, ఆపు!" అని వెనక నుంచి కేక. ఆయనే, రొప్పుకుంటూ వచ్చాడు.

ఆసుపత్రి దగ్గర దిగాక అన్నాడు: "ముందు ఆ నర్సమ్మ దగ్గరికి పోదాం. బ్రేకు పట్టలేదని అబద్ధమాడాను."

తిరిగొచ్చేటప్పుడు ఆమెకు ఓపిక లేక టాక్సీ పిలిచాడు. ఇద్దరూ వెనక సీట్లో కూర్చోవడం బహుశా అదే మొదటిసారి. దారిపొడవునా టాక్సీవాడికి మలుపులు చెబుతూనే ఉన్నాడు.