నాలుగు ఎక్కడ కలపాలి

లిఫ్టులు బాగుచేసే మెకానిక్ రెండో పెళ్లి చేసుకుని ఏడు నెలలైంది. అతని కూతురికి పన్నెండేళ్లు. ప్రతిదానికీ రూలు చూపించి వాదిస్తుందని ఇంట్లో ఆ పిల్లను ప్లీడరు అని పిలిచేవారు. కొత్తగా వచ్చిన పిన్ని మీద మాత్రం ఆ పిల్ల ఎన్నడూ విసుక్కోలేదు. "మీరు తిన్నారా", "మీరు తలుపు వేస్తారా" అంటూ బడిలో టీచరుతో మాట్లాడినట్టు మాట్లాడేది. పిన్నికి ఆ మర్యాదే ముల్లులా గుచ్చుకునేది.

ఆదివారం మధ్యాహ్నాలు తండ్రీకూతుళ్లు భోజనాల బల్ల మీద ఒక ఆట ఆడేవారు. గళ్ల కాగితం పరిచి, పాచికలు వేస్తూ, కథ చెప్పుకుంటూ సాగే ఆట అది. కథ నడిపేది తండ్రి. రాక్షసులూ తోడేళ్లూ అతని తరఫు. కూతురు విలుకత్తె, ఆమె వెంట ఒక నక్క. ఆ నక్క బొమ్మను మట్టితో చేసింది వాళ్లమ్మ. ఆమె పోయి మూడేళ్లయింది.

ఒక ఆదివారం అతను భార్యను కూడా కూర్చోబెట్టాడు. ఆమెకు మాంత్రికురాలి పాత్ర ఇచ్చాడు.

"నీ తెలివికి నాలుగు బోనస్. మంత్రం వేసినప్పుడు ఆ నాలుగూ దెబ్బకి కలుపుకోవచ్చు," అన్నాడు.

ఆమె ఉత్సాహంగా మూడు మంత్రబాణాలు వేసింది. మూడుసార్లు పాచికలు దొర్లించి, మూడిటికీ నాలుగేసి కలిపింది.

"అలా కుదరదండీ," అంది ప్లీడరు. "ఒక మంత్రానికి ఒక్కసారే. మూడిట్లో ఏదో ఒక బాణానికి కలపండి."

"మూడిటికీ కలిపితే ఏం పోయింది?"

"నాలుగు కాస్తా పన్నెండవుతుంది. అన్యాయం కదా!"

పిన్ని నవ్వి, రెండు బాణాలకి కలిపినదాన్ని చెరిపేసింది.

తర్వాత తోడేళ్లు వచ్చాయి. మెకానిక్ తన పనిసంచీలోంచి మూడు నట్లు తీసి గళ్లలో పెట్టాడు. ఒక్కో తోడేలుకు పద్నాలుగు ప్రాణాలు; దెబ్బ అంతకు తగ్గితే అది చావదు. పిన్ని మూడిటి మీదా ఒకేసారి మంట విసిరింది. పాచికలు పదకొండు చూపించాయి.

"నాలుగు ఒక్కదానికే," అని ప్లీడరు గుర్తుచేసింది.

ఒక తోడేలు చచ్చింది. మిగిలిన రెండూ నక్క మీద పడ్డాయి. తండ్రి వాటి తరఫున పాచికలు వేశాడు. నక్క బతకలేదు.

ఆ పిల్ల ఏడవలేదు. మట్టిబొమ్మను జేబులో పెట్టుకుని, "నాకు హోంవర్కుంది," అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

"ఆ రూలు నిజమేనా?" అని పిన్ని భర్తను అడిగింది.

"రూల్స్ నాకంటే దానికే బాగా తెలుసు. అయినా మీరిద్దరూ ఇంతసేపు మాట్లాడుకుంటున్నారు కదా అని నేను నోరెత్తలేదు."

పిన్ని రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. మర్నాటి నుంచి ఆటపుస్తకం ఆమె సంచీలోకి చేరింది. రక్తపు గొట్టాలు మిషనులో తిరిగే ఆ పది నిమిషాలూ చదువుకునేది. గురువారం ఆ పేజీ దొరికింది. అర్థం తప్పుగా తీసుకుంటున్నానేమోనని మూడుసార్లు చదివింది.

ఆదివారం ప్లీడరు బల్ల దగ్గరికి రానంది. పిన్నే పుస్తకం పట్టుకుని వెళ్లి పక్కన కూర్చుంది.

"ఇదొక్కటి చదివి చెప్పవూ? నాకు సరిగ్గా అర్థమైందో లేదో."

పిల్ల అయిష్టంగానే చదివింది. "'ఆ మంత్రం కోసం పాచికలు వేసినప్పుడు, ఒకసారి పడిన మొత్తానికి బోనస్ కలపాలి.' అదేగా నేను చెప్పింది!"

"బాణాలకి మూడుసార్లు వేశాను. మరి మంటకి?"

"ఒక్కసారే."

"ఆ ఒక్క మొత్తమేగా మూడు తోడేళ్లకీ తగిలింది?"

పిల్ల వేలు ఆ వాక్యం మీదే ఆగిపోయింది. పెదాలు కదిలాయి. "అయితే పదకొండు కాదు, పదిహేను. మూడిటికీ పదిహేను... నాన్నా! తోడేళ్లన్నీ చచ్చాయి! నక్కని కరవడానికి ఒక్కటీ మిగల్లేదు!"

గుమ్మంలోకి వచ్చిన తండ్రి తల ఊపాడు. "రూలు అదే అయితే నక్క బతికే ఉంది."

"నువ్వైనా అప్పుడే చెప్పొచ్చు కదా పిన్నీ!" అని పిల్ల ఆమె వైపు తిరిగింది. "నేనే తప్పు చెప్పి, అమ్మ చేసిన దాన్ని నా చేతులతో నేనే..."

వారం రోజులుగా దాచుకున్న ఏడుపంతా ఒక్కసారిగా వచ్చేసింది. పిన్ని దగ్గరికి తీసుకుంటే పిల్ల విడిపించుకోలేదు.

"నాకూ అప్పుడు తెలీదు తల్లీ. తెలిసిన దగ్గర్నుంచీ ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని మెకానిక్ అప్పుడే గమనించాడు. ముఖం తిప్పుకుని గళ్ల కాగితం పరవడానికి వెళ్లాడు. పిన్నికి ఆ సంగతి అంట్లు తోముతుండగా తట్టింది. కుళాయి అలాగే వదిలేసి కాసేపు నిలబడిపోయింది.

ఆ సాయంత్రం ఆట బాగా సాగలేదు. వంతెన కాపలా రాక్షసుడు విలుకత్తెనూ మాంత్రికురాలినీ నక్కనూ కలిపి ఏట్లోకి తోసేశాడు. అందులోంచి ఎలా బయటపడాలో సోమవారం పొద్దున ప్లీడరు పిన్ని చేత జడ వేయించుకుంటూ వివరించింది. కింద బడిబస్సు రెండుసార్లు హారన్ కొట్టినా ఆ వాదన తెగలేదు.