రెండు సెకన్లు కలిపిన మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదితే ఆకాశంలో పోయే విమానం కూడా ఓ క్షణం ఆగి, "నన్నేనా పిలిచింది?" అని కిందికి చూసి మరీ పోయేది. నమ్మకపోతే మానేయండి, నాకొచ్చిన నష్టమేమీ లేదు.

ఊదడం సంగతి అలా ఉంచితే, ఆయన గొప్పంతా చూపులో ఉండేది. వరసలో నిలబడ్డ అరవై మందిలో పొద్దున ఏమీ తినకుండా వచ్చిందెవరో మోకాళ్లు చూసి పట్టేసేవారు. అందరి ముందూ అడిగి పరువు తీయరు. "నువ్విలా రా, స్కోరు రాయడానికి మనిషి కావాలి" అని నీడకు పంపి, చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టేవారు. గెలిచినవాణ్ణి చప్పట్లకు వదిలేసి, ఆఖరున వచ్చేవాడి కోసం గీత దగ్గర కాచుకుని ఉండేవారు.

ఆ ఆఖరువాళ్ల కోసం ఆయన దగ్గర ఓ చిట్కా ఉండేది. బస్తా అని అందరూ పిలిచే బొద్దు కుర్రాడు రొప్పుకుంటూ గీత దాటగానే మాస్టారు స్టాప్‌వాచీ చూసి, "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! పోయిన వారం కంటే రెండు సెకన్లు తగ్గిందిరా!" అనేవారు. తగ్గిందీ లేదు, గిగ్గిందీ లేదు. కానీ ఆ సంబరంలో వాడికి మరుసటి వారం నిజంగానే తగ్గేది.

"అబద్ధాలు చెప్పి జీతం తెచ్చుకుంటున్నారు" అని భార్య దెప్పేది.

"అబద్ధం కాదే, వారం ముందు చెప్పిన నిజం" అనేవారు. పక్కనే బూట్లు విప్పుకుంటున్న కూతురు పకపకా నవ్వేది.

ఆ కూతురు అదే బడిలో పదో తరగతి. పరుగులో జింకపిల్ల. చిక్కంతా అక్కడే వచ్చింది. సొంత పిల్లని వెనకేసుకొస్తున్నాడని నలుగురూ అనుకుంటారని మాస్టారికి భయం. పొగిడితే కళ్లు నెత్తికెక్కుతాయని ఇంకో భయం. అందుకని రెండు వందల మీటర్లు ఆమె పరిగెత్తినప్పుడల్లా వచ్చినదానికి రెండు సెకన్లు కలిపి చెప్పేవారు. ఇరవై ఏడైతే ఇరవై తొమ్మిది. కసి పెరుగుతుందనుకున్నారు. అలా మూడేళ్లు.

క్రీడల పాఠశాలలో చేరాలంటే ఆ పరుగు ఇరవై ఎనిమిది సెకన్ల లోపు రావాలి. పేర్లు పంపే ఆఖరి రోజు పొద్దున మాస్టారు ముసిముసిగా నవ్వుకుంటూ కాగితం తెచ్చి కూతురి ముందు పెట్టారు.

"సంతకం పెట్టు తల్లీ."

"నేను వెళ్లను నాన్నా. నా టైము నాకు తెలుసుగా. బూట్లు కూడా నిన్ననే నా స్నేహితురాలికి ఇచ్చేశాను."

"నీది ఇరవై ఏడేనే! ఆ రెండూ నేను కలిపినవి. ఒట్టు!"

ఆ పిల్ల తండ్రిని తేరిపార చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"బస్తాకి చెప్పినట్టు నాకూ చెబుతున్నావా?"

"కాదే పిచ్చిదానా! వాచీ మీ అమ్మ చేతికిస్తాను. ఇప్పుడే పరిగెత్తు."

"అప్పుడు గీత ఇవతలికి జరుపుతావు. బస్తా కోసం జరపడం నేను చూడలేదూ? వదిలెయ్ నాన్నా. నేనేం ఏడవట్లేదుగా."

ఆమె ఏడవలేదు. మాస్టారే స్టోరు గదిలో బంతుల గోనె పక్కన కూర్చుని ఏడ్చారు. ఆమె సంతకం తానే గీకేద్దామని రెండుసార్లు కలం తీశారు. మళ్లీ ఇంకో అబద్ధమా అని మూత పెట్టేశారు. సాయంత్రం పేర్లు తీసుకునే ఆఫీసు మూతపడింది.

మర్నాడు విజిల్ ఊదబోతే వట్టి గాలే వచ్చింది. విమానం మాటంటారా, అది శుద్ధ కోతలెండి. మా మీదుగా విమానాలే పోవు. ఆయన ఎంత గట్టిగా ఊదినా గోడ పక్కన మేకలు కూడా తలెత్తేవి కావు.

రెండేళ్లకి కూతురు నర్సు చదువు కోసం వేరే ఊరు బయలుదేరింది. బస్టాండులో మాస్టారు నీళ్ల సీసా కొనేలోపే బస్సు కదిలింది. ఆ పిల్ల సంచి భుజానికెత్తుకుని పరుగందుకుంది. రెండేళ్లుగా పరుగన్నది ఎరగని కాళ్లు. నేల తాకాయో లేదో, మెట్టెక్కేసింది.

"అబ్బో! ఎవరండీ ఆ పిల్ల, బాణంలా పోయింది!" అన్నాడు టికెట్ల గుమాస్తా.

"మా అమ్మాయే" అన్నారు మాస్టారు. మైదానంలో ఒక్కనాడూ అనని మాట.

బస్సు మలుపు తిరుగుతుండగా ఆ పిల్ల కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎంతలో అందుకున్నాను నాన్నా?" అని అరిచింది.

ఈ చివరి ముక్క మాత్రం నేను అల్లింది. నీళ్ల సీసా పట్టుకుని ఆయన చాలాసేపు ఆ మలుపు వైపే చూస్తూ నిలబడ్డ మాట నిజం. కిటికీలోంచి ఎవరూ తల బయటపెట్టలేదు.